చెత్తదిబ్బలోని వాయువు – మన కర్తవ్యం

దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. ఈనాడు మన నగరాల శివార్లలో ఒక కొత్త రకం కొండలు వెలసినవి. అవి ప్రకృతి నిర్మించినవి కావు. ప్రతి ఉదయం మన గుమ్మాల నుండి బుట్టెడు బుట్టెడుగా బయటకు పంపిన చెత్తతో మనమే కట్టుకొన్నవి. దూరం నుండి చూచేవారికి అవి గడ్డి మొలిచిన గుట్టలవలె నునుపుగానే కన్పిస్తాయి. వాటి నీడలో కాపురం చేసేవారికి మాత్రమే వాటి ఊపిరి ఎటువంటిదో తెలుసు. ఆ ఊపిరిని గూర్చియే ఈ నాలుగు మాటలు.

తెలుగు పాఠం చెప్పుకొనే మాకు చెత్తతో ఏమి పని అని మిత్రులు కొందరు నవ్వినారు. కారణం చెప్పవలసియున్నది. ఒకసారి తరగతిలో ‘మా ఊరు’ అను విషయంపై వ్యాసం వ్రాయుమన్నాము. చాలమంది చెరువును, చింతతోపును, జాతరను, ఉర్సును వర్ణించినారు. జవహర్‌నగర్ వైపు నుండి వచ్చే ఒక విద్యార్థిని మాత్రం మూడే వాక్యాలు వ్రాసింది. రాత్రిళ్ళు కిటికీ తెరవమనీ, వాన పడిన మరునాడు అన్నం సహించదనీ, తమ ఇంటికి చుట్టాలు వచ్చుట మానివేసినారనీ ఆ మూడు వాక్యాల సారాంశం. మేము ఎర్రసిరాతో రెండు అక్షరదోషాలు దిద్ది, వ్యాసం చిన్నదని మార్కులు తగ్గించినాము. ఇంటికి పోయిన పిమ్మట ఆ పని మాకే సిగ్గు కలిగించినది. ఆ అమ్మాయి వ్యాసం చిన్నది కాదు. మా చూపే చిన్నది. ఆ సిగ్గులో నుండి పుట్టినదే ఈ వ్యాసం.

మొదట విషయం తెలుసుకొందాము. మన నగరాల చెత్తలో ఇంచుమించు సగం తడిచెత్త. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, పూలు, ఆకులు, మాంసపు వ్యర్థాలు ఇందులో చేరుతాయి. ఇవి గాలి తగిలేచోట కుళ్ళితే ఎరువు మిగులుతుంది, బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. కాని పదుల అడుగుల ఎత్తున పేర్చిన దిబ్బలో లోపలి పొరలకు గాలి చొరబడదు. అక్కడ ప్రాణవాయువుతో అవసరం లేని సూక్ష్మజీవులు పని ప్రారంభిస్తాయి. అవి పుట్టించే వాయువులో ఇంచుమించు సగం మిథేన్, మిగిలినదానిలో అధికభాగం బొగ్గుపులుసు వాయువు. కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్ వంటివి కొద్దిపాళ్ళలో ఉంటాయి. మన ముక్కుకు తగిలేది ఆ కొద్దిపాళ్ళే. అసలు మిథేన్‌కు రంగు లేదు, వాసన లేదు. కనుకనే దానిని ఎవరూ పట్టించుకోలేదు.

ఈ మిథేన్ మనకు కొత్తది కాదు. 1776లో ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా మజ్జోరే సరస్సు బురదలో నుండి పైకి వచ్చే బుడగలను సేకరించి పరీక్షించినది ఈ వాయువునే. మన పల్లెల్లో గోబర్ గ్యాస్ గుంటలో పుట్టి, పొయ్యిలో నీలిమంటగా వెలిగేదీ ఇదే. పెరట్లో పేడగుంట నుండి వస్తే వంటకు పనికివచ్చిన వాయువు, ఊరి బయటి దిబ్బ నుండి వస్తే ఆపద ఎట్లా అయినది? పట్టుకొన్నందువలన ఒకటి ఉపకారమైనది, విడిచిపెట్టినందువలన మరొకటి అపకారమైనది. తేడా అంతే.

అపకారం ఎంతటిదో లెక్క చూడవచ్చును. ఒక టన్ను మిథేన్ ఆకాశంలోకి చేరితే, నూరు సంవత్సరాల కాలంలో అది భూమిని వేడెక్కించే శక్తి సుమారు 28 టన్నుల బొగ్గుపులుసు వాయువుతో సమానం. ఇరవై సంవత్సరాల కాలానికే లెక్కిస్తే 80 టన్నులకు పైమాటే. అదే టన్ను మిథేన్‌ను మండించినచో మిగిలేది 2.75 టన్నుల బొగ్గుపులుసు వాయువు మాత్రమే. రసాయనశాస్త్రం చదివే మన విద్యార్థులు ఈ లెక్కను కాగితంపై రెండు నిమిషాలలో వేయగలరు. ఏ ప్రయోజనమూ పొందక ఊరకే మండించినను ఇంత మేలు కలుగుతున్నదన్నమాట. ఆ మంటతో యంత్రం నడిపితే విద్యుచ్ఛక్తి అదనపు లాభం.

పారిశ్రామిక యుగానికి పూర్వం ఉన్నదానితో పోల్చితే వాతావరణంలో మిథేన్ నేడు రెండున్నర రెట్లకు పైగా పెరిగినది. మానవుని పనుల వలన వెలువడే మిథేన్‌లో సుమారు అయిదవ వంతు చెత్త నుండి, మురుగునీటి నుండి వస్తున్నది. అయితే ఈ వాయువుకు ఒక మంచి గుణం కూడా ఉన్నది. అది గాలిలో నిలిచేది సగటున పన్నెండు సంవత్సరాలే. బొగ్గుపులుసు వాయువు ప్రభావమైతే శతాబ్దాలపాటు ఉండిపోతుంది. కనుక ఈనాడు మిథేన్‌ను అరికట్టితే దాని ఫలితం మన పిల్లలే కాక, మనమే కండ్లారా చూడగలము. సత్ఫలితం ఇంత త్వరగా చేతికందే పని పర్యావరణ రంగంలో అరుదు.

ఎండాకాలపు వేడిని ఎవరు భరిస్తున్నారో కూడ ఆలోచించవలెను. చల్లని గదులలో కూర్చున్నవారికి రెండు డిగ్రీలు పెరిగినా తెలియదు. రేకుల కప్పు క్రింద చదువుకొనే విద్యార్థికి, బండి నెట్టుకొనే తండ్రికి తెలుస్తుంది. మన కళాశాల విద్యార్థులలో అధికసంఖ్యాకులు ఇటువంటి ఇండ్ల నుండి వచ్చినవారే. కనుక ఇది విదేశీయుల సమస్య, సంపన్నుల చర్చ అనుట సరికాదు.

వేడి మాట అటుంచినను, దిబ్బ ప్రక్కన ఉన్నవారికి ప్రాణభయం ఉన్నది. గాలిలో మిథేన్ 5 నుండి 15 శాతం వరకు కలిసినప్పుడు ఒక్క నిప్పురవ్వ తగిలితే చాలు, ప్రేలుతుంది. 1986 మార్చి 24న ఇంగ్లండులోని లాస్కో అను గ్రామంలో, పాత చెత్తగుంట నుండి వాయువు భూమిలోపల ప్రాకి ఒక ఇంటి క్రింద చేరి, ఇల్లు మొత్తం కూలిపోయినది, ముగ్గురు గాయపడినారు. మన దేశంలో 2017 సెప్టెంబరు 1న ఢిల్లీలోని ఘాజీపూర్ దిబ్బలో ఒక భాగం విరిగిపడి ఇద్దరు మరణించినారు. 2023 మార్చిలో కొచ్చి నగరపు బ్రహ్మపురం దిబ్బ అంటుకొని, పది దినాలకు పైగా ఆ నగరాన్ని పొగలో ముంచినది. ఇవి ఎక్కడివో వార్తలని పేజీ త్రిప్పివేయరాదు. మన దిబ్బలు వేరే మట్టితో చేసినవి కావు.

మరి ఈ వాయువును పట్టుకొనుట ఎట్లా? పద్ధతి బావి త్రవ్వుట వంటిదే. దిబ్బలో అక్కడక్కడ లోతుగా రంధ్రాలు వేసి, చిల్లులు గల గొట్టాలను దింపి, చుట్టూ కంకర పోస్తారు. దిబ్బపైన మట్టి, ప్లాస్టిక్ పొరలు పరచి మూసివేస్తారు. గొట్టాలన్నింటినీ ఒక పెద్ద గొట్టానికి కలిపి, పంకా వంటి యంత్రంతో వాయువును మెల్లగా లాగుతారు. దానిలోని తేమను, హైడ్రోజన్ సల్ఫైడును తొలగించి, ఇంజనులో మండించి విద్యుత్తు తీస్తారు, లేదా ఇంకను శుద్ధిచేసి వాహనాలకు ఇంధనంగా వాడుతారు. ఏదీ వీలుకానిచోట పొడవైన గొట్టం చివర మండించివేస్తారు. అయితే జాగ్రత్త అవసరం. మరీ గట్టిగా లాగితే బయటి గాలి లోపలికి చొరబడి దిబ్బ లోపలనే నిప్పు పుట్టవచ్చును. కనుక ఇది ఒకసారి కట్టి తాళం వేసే పని కాదు. సంవత్సరాల తరబడి కనిపెట్టుకొని ఉండవలసిన పని.

ఈ పద్ధతి అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 1970లలోనే ఆచరణలోకి వచ్చినది. మన దేశంలో ముంబయి నగరపు గోరాయ్ దిబ్బ మంచి ఉదాహరణ. 1972 నుండి 2007 వరకు అక్కడ చెత్త పోసినారు. సుమారు 20 హెక్టార్ల నేలలో 26 మీటర్ల ఎత్తు వరకు పేరుకొన్న ఆ దిబ్బను తరువాత చదును చేసి, పొరలతో కప్పి, వాయువును గ్రహించే గొట్టాలు అమర్చి, పైన పచ్చిక పెంచినారు. మన హైదరాబాదు విషయానికి వస్తే, జవహర్‌నగర్‌లో సుమారు 120 లక్షల టన్నుల పాత చెత్త పేరుకొన్నది. దాని ఊటనీరు మల్కారం చెరువును పాడుచేసినది. ఆ దిబ్బను కప్పుట జరిగినది. 2020లో అక్కడ ఎండుచెత్తను కాల్చి విద్యుత్తు తీసే 19.8 మెగావాట్ల కేంద్రం, 2022లో దిబ్బ వాయువును శుద్ధిచేసి ఇంధనంగా మార్చే కర్మాగారం ఏర్పడినవి. ఇవి రెండూ ఒకటి కావని విద్యార్థులు గ్రహించవలెను. మొదటిది చెత్తను కాల్చేది. రెండవది చెత్తలో పుట్టిన వాయువును పట్టుకొనేది.

ఇంతవరకు చెప్పినది సమాచారం. ఇక మా అభిప్రాయం.

దిబ్బ వాయువును పట్టుకొనుట అత్యవసరం. కాని దానినే పరమౌషధమనుకొనుట పొరపాటు. చలిదేశాలలో చెత్త మెల్లగా కుళ్ళుతుంది, దశాబ్దాలపాటు వాయువునిస్తుంది. మనది వేడిదేశం, మన చెత్త తడిది. అది త్వరత్వరగా కుళ్ళుతుంది. దిబ్బను నింపి, మూసి, గొట్టాలు దింపేలోపల వాయువులో పెద్దభాగం ఆకాశం పాలవుతున్నది. వానాకాలంలో ఊటనీరు బావులలో నిండి, ఉన్న వాయువు కూడా సరిగా రాదు. పాలు పొంగిపోయిన తరువాత గిన్నెపై మూత పెట్టినట్లున్నది మన వ్యవహారం.

కనుక పాత దిబ్బకు ఒక నీతి, కొత్త చెత్తకు మరొక నీతి అవలంబించవలెను. పాత దిబ్బ నుండి వాయువును ఆలస్యం చేయక పట్టుకొనవలెను. కొత్త తడిచెత్తను అసలు దిబ్బకే పోనీయరాదు. ఇది మేము క్రొత్తగా కనిపెట్టిన మాట కాదు. శ్రీమతి అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం నేపథ్యంలో 2000 సంవత్సరంలో వచ్చిన నియమావళియే దిబ్బలలో వాయువును సేకరించే ఏర్పాటు ఉండవలెననీ, కుళ్ళని పదార్థాలను మాత్రమే అక్కడ పూడ్చవలెననీ స్పష్టంగా చెప్పినది. 2016 నియమాలు చెత్తను ఇంటివద్దనే వేరుచేయవలెనన్నవి. చట్టం చెప్పవలసినది చెప్పి చాలాకాలమైనది. వినవలసినది మనము.

వేరుచేసిన తడిచెత్త ఏమి చేయగలదో చూడదలచినవారు సికింద్రాబాదులోని బోయినపల్లి కూరగాయల మార్కెటుకు పోయి చూడవచ్చును. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన పద్ధతితో, దినానికి 10 టన్నుల కూరగాయల వ్యర్థాల నుండి సుమారు 500 యూనిట్ల విద్యుత్తును, వంటకు ఇంధనాన్ని తీసే కేంద్రం అక్కడ ఏర్పడినది. ఇండోర్ నగరంలో 2022 ఫిబ్రవరిలో ప్రారంభించిన కేంద్రం దినానికి 550 టన్నుల తడిచెత్త నుండి 17 టన్నుల వాయు ఇంధనం తీయుటకు నిర్మించినది. అది నిలబడుటకు కారణం యంత్రం గొప్పతనం ఒక్కటే కాదు. ఆ నగరపు గృహిణులు తడిచెత్తను పొడిచెత్తతో కలుపక ఇచ్చుట. యంత్రం కొనుట సులభం. అలవాటు మార్చుట కష్టం.

ఇచ్చట కొందరు ఆక్షేపిస్తారు. మన సమాజానికి చదువులు లేవు, ఉద్యోగాలు లేవు, ఉన్న స్కాలర్‌షిప్పులు సకాలానికి రావు. ఇన్ని బాధలుండగా ఈ వాయువు గొడవ ఏమిటని అంటారు. బాధలు ఉన్నమాట నిజమే. కాని చెత్తదిబ్బ ఎక్కడ వెలుస్తున్నది? పెద్ద బంగళాల ప్రక్కన ఎన్నడైనా వెలసినదా? నోరు లేనివారు ఎక్కడ ఉంటారో అక్కడికే నగరం తన చెత్తను తోలుతున్నది. ఆ విద్యార్థిని వ్రాసిన మూడు వాక్యాలు చదువుకు సంబంధించినవి కావా? కిటికీ తెరవలేని గదిలో ఏ పిల్ల పరీక్షకు చదువగలదు? దీనిని గూర్చి మాట్లాడుట మన బాధలను మరచుట కాదు. వాటిలో ఒకదానికి పేరు పెట్టుట.

మరొక ఆక్షేపణ ఇంకను బరువైనది. దిబ్బను కప్పివేస్తే, దానిపై ప్లాస్టిక్కు, ఇనుము ఏరుకొని బ్రతికే కుటుంబాల గతి ఏమి? నిజమే. ఎవరూ చేయని పనిని చేతితొడుగులు లేకుండ చేసి, నగరానికి సేవచేసినవారు వారు. కంచె కట్టి వారిని వెళ్ళగొట్టి, దానికి పర్యావరణ పరిరక్షణ అని పేరు పెట్టుట న్యాయం కాదు. వేరుచేసిన పొడిచెత్తను కొలిచి కట్టే కేంద్రాలలో మొదటి ఉద్యోగాలు వారికే ఇవ్వవలెను. గుర్తింపు కార్డు, నికరమైన జీతం, పిల్లలకు బడి కల్పించవలెను. దిబ్బ ఎక్కి ఏరుటకన్న నీడన కూర్చుండి వేరుచేయుట వారికీ మేలే. ఈ ఏర్పాటు లేని ఏ పథకాన్నీ మేము సమర్థింపలేము.

2021లో గ్లాస్గో సమావేశంలో, 2030 నాటికి మిథేన్‌ను 30 శాతం తగ్గించవలెనని అనేక దేశాలు ప్రతిజ్ఞ చేసినప్పుడు మన దేశం అందులో చేరలేదు. మన మిథేన్‌లో అధికభాగం పాడిపశువుల నుండి, వరిపొలాల నుండి వస్తున్నది. అది చిన్నరైతు జీవనం. ఆ వాదంలో బలమున్నది. కాని దిబ్బ నుండి వచ్చే మిథేన్‌కు ఆ సాకు చెల్లదు. దానిని అరికట్టినందువలన ఏ రైతు పొయ్యీ ఆరిపోదు.

పరులకు నీతులు చెప్పి ఊరుకొనుట అధ్యాపకులకు అలవాటని విద్యార్థులు అనుకొంటారు. కనుక మన ఇంటి సంగతి కూడా చెప్పవలెను. మన వసతిగృహంలో మిగిలిన అన్నం, కాఫీగింజల పొట్టు వలె కాలువలో పోసేది కాదు. బకెట్లకొద్దీ పోగై మునిసిపల్ బండి ఎక్కుతున్నది. ఆవరణలోని వేపాకును, రావి ఆకును ఊడ్చి వెనుక గోడవద్ద తగులబెట్టుచున్నాము. ఆ పొగ మొదట పోయేది వసతిగృహం కిటికీలలోనికే. వార్షికోత్సవం నాటి విందులో విస్తళ్ళలో మిగిలినది చూచి మేమే తలవంచుకొన్నాము. మన దావతులలో, పెండ్లిండ్లలో అతిథి విస్తరి నిండుగా లేకుంటే నామోషీ అనుకొంటాము. ఉర్దూ మాట్లాడేవారు దీనిని ఇస్రాఫ్ అంటారు, తెలుగువారు దుబారా అంటారు. పేరు ఏ భాషలో ఉన్నను, మరునాడు అది చేరేది ఒకే దిబ్బకు. బక్రీదునాడు వ్యర్థాలను వీధి కుప్పలో వేయక, సంచిలో కట్టి, నియమించిన వాహనానికే అందించుట కూడా మన బాధ్యతయే. ఈ మాట ఇతరులచేత చెప్పించుకొనుటకన్న మనకు మనమే చెప్పుకొనుట గౌరవప్రదం.

కాబట్టి కళాశాల పాలకవర్గం పెద్దలకు వినయపూర్వకంగా కొన్ని సూచనలు చేస్తున్నాము. మొదటిది, ఒక నెలపాటు వసతిగృహపు తడిచెత్తను ప్రతిదినం తూచి, పుస్తకంలో వ్రాయించవలెను. తూకం తెలియక ఏ యంత్రమూ కొనరాదు. రెండవది, ఆ తూకానికి తగిన చిన్న గ్యాస్ గుంటను వంటగది వెనుక కట్టించవలెను. ఒక ఘనమీటరు గోబర్ గ్యాస్ ఇంచుమించు అరకిలో వంటగ్యాసు పని చేస్తుంది. సిలిండరు ఖర్చు కొంతైనను తగ్గుతుంది, మిగిలిన ద్రావణం తోటకు ఎరువవుతుంది. మూడవది, ఆకులను కాల్చుట ఈ సంవత్సరమే మాని, గుంటలో వేసి ఎరువు చేయించవలెను. నాలుగవది, గుంటను చూచుకొనే బాధ్యతను నౌకరుకు వదలివేయక, విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు వంతులవారీగా అప్పగించవలెను. గుంట కట్టిన మరుసటి సంవత్సరమే మూలబడుట మన దేశంలో చాలచోట్ల జరిగినది. దానికి కారణం వాయువు రాకపోవుట కాదు, అడిగేవారు లేకపోవుట.

విద్యార్థినీ విద్యార్థులారా, మీకు అంతకన్న చిన్న పని చెబుతాము. మీ ఇంట రెండు బుట్టలు పెట్టించండి. తడి ఒకదానిలో, పొడి మరొకదానిలో. మొదటి వారం అమ్మ విసుగుకొంటుంది; రెండవ వారం అలవాటవుతుంది. బండివాడు రెండింటినీ కలిపి వేసుకొంటే కోపపడక, అతని పై అధికారికి ఉత్తరం వ్రాయండి. ఉర్దూలోనైనను, తెలుగులోనైనను వ్రాయండి. దోషాలుంటే మేము దిద్దుతాము, మార్కులు తగ్గించము.

ఆ విద్యార్థిని ఈ సంవత్సరంతో చదువు ముగించుకొని వెళ్ళిపోతున్నది. ఆమె ఇంటి కిటికీ తెరుచుకొనే దినం మా చేతిలో లేదు. కాని మన వంటగది నుండి ఆ వైపు పోయే బకెట్టు మన చేతిలోనిదే. ముందు దానిని ఆపుదాము.